92 కిలోలతో మొదలెట్టిన పరుగు: వర్చువల్ 5కె దాకా నా శ్రీకాకుళం లాగ్

నవంబరు

ఎత్తు 162 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు. బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 35. మన భారతీయులకి 25 దాటితేనే ఊబకాయం కింద లెక్కేస్తారు. అందుకే షూ కొనడానికంటే ముందు డాక్టరు దగ్గరకెళ్ళి బీపీ, షుగరు, ఈసీజీ చూపించుకున్నాను. "ముందు నడవండి, తర్వాతే పరుగు. ఛాతీలో పట్టేసినట్టున్నా, మోకాలు పోటెత్తినా ఆపేయండి" అన్నారు. నాలా బరువుగా ఉన్నవాళ్ళు ఈ మెట్టు దాటేసి వెళ్ళకండి.

మామూలు రేసుకి కాకుండా వర్చువల్ 5కె (5 కిలోమీటర్ల) రేసుకి పేరివ్వడానికి కారణం ఉంది. మామూలు రేసులో కటాఫ్ టైమ్ ఉంటుంది, అది దాటితే రోడ్డు బళ్ళకి తెరిచేస్తారు, చివర్న వచ్చేవాళ్ళకి నీళ్ళ టేబుల్ కూడా మిగలదు. వర్చువల్‌లో దూరం ఎంచుకుని డబ్బు కడతాం. వాళ్ళిచ్చిన తేదీల మధ్య మనకి వీలైన రోజు, మన ఊళ్ళోనే, ఫోన్ యాప్‌లో రికార్డ్ చేసి పంపిస్తాం. సర్టిఫికెట్ మెయిల్‌లో, మెడల్ కొరియర్‌లో వస్తాయి. 2020లో కరోనా వల్ల అమెరికాలోని బోస్టన్ మారథానే ఇలా జరిగింది. సెప్టెంబరు 5 నుంచి 14 లోపు ఎవరి ఊళ్ళో వాళ్ళు 42.195 కిలోమీటర్లు పూర్తిచేశారు. అంత పేరున్న రేసుకి సరిపోయిన పద్ధతి నా 5కె కి చాలదా?

పేరిచ్చే ముందు మూడు విషయాలు చూసుకున్నాను. నడక కలిపినా ఒప్పుకుంటారా, గడువు కనీసం రెండు వారాలైనా ఉందా, మెడల్ వద్దనుకుంటే ఫీజు తగ్గుతుందా. ఫిబ్రవరిలో గడువున్నది ఒకటి దొరికింది. దానికి మాత్రం మెడల్ కావాలనే కట్టాను. మొదటిది కదా.

డిసెంబరు

చోటు: ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు. ఉదయం ఐదున్నరకి. రోడ్డు కంటే మట్టినేల కాళ్ళకి నయం. పరుగులో ప్రతి అడుగుకీ మన బరువుకి రెండు, మూడు రెట్లు భారం కాలి మీద పడుతుంది, నా బరువుకి అది చిన్న సంగతి కాదు. చలికాలంలో మొదలుపెట్టడం కూడా కలిసొచ్చింది. మన తీరంలో ఏప్రిల్ వచ్చిందంటే తెల్లవారుజామున కూడా గాలిలో తేమకి చెమట ఆరదు.

పద్ధతి: కౌచ్ టు 5కె. జాష్ క్లార్క్ అనే అమెరికన్ 1996లో తయారుచేసిన తొమ్మిది వారాల ప్లాను. వారానికి మూడు రోజులు. మొదటి వారం ఐదు నిమిషాలు చురుకైన నడక, తర్వాత 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక చొప్పున 20 నిమిషాలు. ఆ 60 సెకన్లే నాకు కొండెక్కినట్టుండేది. అక్కడ ఆర్మీ సెలక్షన్లకి 1.6 కిలోమీటర్ల పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్ళుంటారు. వాళ్ళలో ఒకబ్బాయి రెండ్రోజులు చూసి, "అక్కా, అంత బేగి ఎల్లకండి. మాటాడుతూ పరిగెట్టగలిగితే అదే మీ స్పీడు" అన్నాడు. ఏ యాప్ చెప్పినదానికంటే ఆ మాటే నాకు ఎక్కువ పనికొచ్చింది. మా వదినని పక్కన పెట్టుకుని కబుర్లు చెబుతూ పరిగెత్తడం మొదలుపెట్టాను. ఆవిడ నడుస్తుంది, నేను పరిగెడతాను, ఇద్దరం ఒకే వేగం. అది పరుగే, ఏమాత్రం సందేహం లేదు.

ఒక్కో వారాన్నీ రెండేసి వారాలు చేశాను. ప్లాను ఐదో వారం మూడో రోజున ఉన్నట్టుండి 20 నిమిషాలు ఆగకుండా పరిగెత్తమంటుంది. నేను దాని జోలికి పోలేదు. 1972 ఒలింపిక్స్‌లో పరిగెత్తిన జెఫ్ గాలోవే చెప్పే పరుగు-నడక పద్ధతికి మారిపోయాను: రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక, చివరిదాకా అంతే.

తొడలు రాసుకుని మంట పుట్టడం గురించి ఆడవాళ్ళం ఎవరం బయటకి చెప్పుకోం. బయల్దేరే ముందు వాజలీన్ దట్టంగా రాసుకుని, మోకాళ్ళదాకా వచ్చే బిగుతు షార్ట్స్ వేసుకుని, దాని మీద వదులు ట్రాక్ ప్యాంటు. మంచి స్పోర్ట్స్ బ్రా షూ అంత ముఖ్యం. షూ సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి అసలు సైజు తెలుస్తుంది. బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండాలి.

జనవరి

ముంగాలి ఎముక వెంట నొప్పి. పది రోజులు పరుగు ఆపి నడక మాత్రమే, ఇంటికొచ్చాక ఐసు, మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం. తగ్గింది.

సంక్రాంతి వారం అరిసెలే, పరుగు లేదు. రథసప్తమికి అరసవల్లి సూర్యదేవాలయం వైపు రోడ్లన్నీ భక్తులే, అటు వెళ్ళే ఆలోచన మానుకోవాలి.

బరువు 89. పరుగులో కిలోమీటరుకి ఖర్చయ్యేది దాదాపు మన కిలో బరువుకి ఒక క్యాలరీ. అంటే 5 కిలోమీటర్లకి నాకు దాదాపు 445. ఒక ప్లేటు పూరీతో అది వెనక్కొచ్చేస్తుంది. అందుకే తిరిగొచ్చాక చోడి (రాగి) అంబలిలో మజ్జిగ, ఉల్లిపాయ. మధ్యాహ్నం అన్నం సగం.

ఫిబ్రవరి: రేసు

వర్చువల్ అని తేలిగ్గా తీసుకుంటే గడువు చివరి రోజు దాకా సాగుతుంది. నేను ఆదివారం ఒకటి ఖాయం చేసి, వదినకీ మా ఆయనకీ చెప్పేశాను. ఆయన నీళ్ళ బాటిల్ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు.

ఫోన్లో బ్యాటరీ సేవర్ ఆపేయండి, లేకపోతే స్క్రీన్ ఆరగానే యాప్ రికార్డింగ్ ఆగిపోవచ్చు. గ్రౌండులో గుండ్రంగా తిరిగితే జీపీఎస్ దూరం కాస్త అటూ ఇటూ చూపించవచ్చు, కాబట్టి యాప్‌లో 5.2 వచ్చేదాకా ఆగలేదు. మధ్యలో పాజ్ నొక్కలేదు. నీళ్ళు తాగిన టైమ్ కూడా రేసులో భాగమే అని నా నమ్మకం.

49 నిమిషాలు. నాలుగో కిలోమీటరులో ఆర్మీ కుర్రాళ్ళు పక్కన చేరి ఒక రౌండంతా నాతో నెమ్మదిగా వచ్చారు. కళ్ళు తడిశాయి, సిగ్గుపడలేదు.

తర్వాత

మెడల్ కోసం నెలనెలా పేరివ్వను. మార్చి నెలాఖరు దాకా గడువున్న 10కె కి సర్టిఫికెట్ మాత్రమే తీసుకుని చేరాను, ఎండలు ముదరకముందే అయిపోవాలి. వారానికి ఒక రోజు మాత్రమే దూరం పెంచుతున్నాను, కొద్దికొద్దిగా. ఆ రోజు గ్రౌండు వదిలి 80 అడుగుల రోడ్డు. అక్కడ కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడిచేయాలి, వాటి కళ్ళలోకి చూడకూడదు. వదిన 5కె కి పేరిచ్చింది. శనివారం సాయంత్రం ఆవిడకి షూ కొనడానికి వెళ్తున్నాం.