కాకి ముట్టిందా?

నాన్న తద్దినం అయింది. పిండం మేడ మీద పిట్టగోడపై పెట్టి గంటన్నర దాటినా ఒక్క కాకి వాలలేదు. అప్పుడు బాబాయి అన్న మాట ఇప్పుడు రాత్రి పదకొండున్నరకి కూడా చెవిలో గింగురుమంటోంది. "బతికున్నన్నాళ్ళూ దేవుడు లేడు, పితృదేవతలు లేరు అన్నాడుగా అన్నయ్య! ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వస్తాడు?"

అమ్మ పక్కనే ఉంది. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి ముందు అనాల్సిన మాటేనా అది? బాబాయి ఫీజులు కట్టి చదివించింది నాన్నే. ఆయన ఎవరి నమ్మకాన్నీ నొప్పించలేదు.

నొప్పించలేదు అని రాశాను గానీ, అది నిజం కాదు. 1980 ఫిబ్రవరి 16, గ్రహణం రోజు నాయనమ్మని ఏడిపించాడు. హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్ వైపు సంపూర్ణం, మాకు బెజవాడలో పాక్షికం. అయినా వీధిలో పురుగు లేదు. తమ్ముడు అమ్మ కడుపులో ఉన్నాడు. గ్రహణం మొర్రి వస్తుందని నాయనమ్మ అమ్మని చీకటి గదిలో పడుకోబెట్టి, కదలొద్దంది. నాన్నేమో గోరా, సరస్వతీ గోరా దంపతులు పెట్టిన పటమట నాస్తిక కేంద్రానికి సైకిలేసుకుని తిరిగిన మనిషి. "సరస్వతీ గోరా గారు కడుపుతో ఉండగానే గ్రహణం చూశారు, ఏమైంది?" అంటూ అమ్మని చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తెచ్చాడు. వేపచెట్టు కింద ఎండ చుక్కలన్నీ నెలవంకలైపోయాయి. అమ్మ పాదాల మీద కూడా నెలవంకలే. నాన్న గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించాడు. లోపల నాయనమ్మ ఏడుపు.

ఆ సంగతే ఇవాళ ఎత్తితే అమ్మ అంది: "ఆ రోజు నా కుచ్చిళ్ళలో దర్భ ఉంది. మీ నాయనమ్మ దోపింది. మీ నాన్న చూశారు. ఏమీ అనలేదు."

నలభై ఏళ్ళ పైబడి ఈ ముక్క నాకు తెలియదు. నేను నాన్న పార్టీ అనుకుంటూ పెరిగాను. చచ్చాక ఏమీ ఉండదనే ఇప్పటికీ అనుకుంటాను. మరి మేడ మీద ఎండలో నిలబడి "నాన్నా, కాస్త తిని వెళ్ళు" అని లోపల్లోపల పిలిచింది ఎవరిని? ఒకటికి నాలుగుసార్లు పిలిచాను. బాబాయి కూడా, ఆ మాట అన్నాడే గానీ, తిండి తినకుండా నాతోపాటు ఆకాశంలోకి చూస్తూనే ఉన్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. ఎండకేమో అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

మూడున్నరకి మళ్ళీ వెళ్తే ఆకులో మెతుకు లేదు. రెండు నువ్వుగింజలు అంటుకుని ఉన్నాయి. ఉడుత తిందో, పిల్లి తిందో. దిగేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది.

"ముట్టిందా?"

"ముట్టిందమ్మా."

"నువ్వు చూశావా?"

"చూశాను."

నాన్నయితే ఈ అబద్ధం ఆడేవాడు కాదు. దర్భ చూసి ఊరుకున్న నాన్నయితే, ఆడేవాడేమో. అమ్మ విస్తరి ముందు కూర్చుని గారె తుంచింది.