రాత్రి ఏమీ తినకపోయినా పొద్దున షుగర్ ఎక్కడిది?

కుడిపక్క డొక్కలో బరువుగా ఉంటోంది, గ్యాసేమో అనుకుని హనుమకొండలో స్కానింగ్ చేయించుకుంటే గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్, అంటే లివర్‌కు కొవ్వు పట్టిందని వచ్చింది. రిపోర్ట్ చూసిన ప్రతివాళ్లదీ ఒకటే ప్రశ్న, "మందు తాగుతవా అన్నా?" దావత్‌లో కూడా గ్లాసు ముట్టనివాడిని నేను. మా బావ అయితే నమ్మనే లేదు.

ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. మిర్చి సీజన్‌లో పొద్దున కూర్చుంటే చీకటి పడ్డాకే లేవడం, వచ్చిన ప్రతి మనిషితో ఒక చాయ్. చూడ్డానికి లావేం కాదు, పొట్ట ఒక్కటే. నడుము 98 సెంటీమీటర్లు, మన మగవాళ్లకు 90 దాటకూడదట.

రక్తపరీక్షలో పరగడుపున షుగర్ 118, తిన్నాక 136, మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 6.2. నాకు అర్థం కానిది ఇక్కడే. తిన్నాక చూస్తే బాగానే ఉంది, రాత్రంతా ఏమీ తినకుండా పడుకుని లేస్తే ఉండాల్సినదానికంటే ఎక్కువుండడమేంటి?

డాక్టర్ మేడమ్ ఓపిగ్గా చెప్పారు. మనం నిద్రపోతున్నప్పుడు లివరే చక్కెర తయారుచేసి రక్తంలోకి వదులుతుందట, అది మితిమీరకుండా చూసేది ఇన్సులిన్. కొవ్వు పట్టిన లివర్ ఇన్సులిన్ మాట సరిగా వినదు, చక్కెర వదులుతూనే ఉంటుంది. దాన్ని లొంగదీయడానికి, ఇన్సులిన్ తయారుచేసే ప్యాంక్రియాస్ గ్రంథి ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది, ఆ ఎక్కువైన ఇన్సులిన్‌తో లివర్‌లో ఇంకా కొవ్వు చేరుతుంది, ఇట్లా తిరిగి తిరిగి ఒకనాటికి ప్యాంక్రియాస్ చేతులెత్తేస్తే అదే టైప్ 2 షుగర్. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లకు ఆ ముప్పు దాదాపు రెట్టింపు అన్నారు. 2021లో కేంద్రం కూడా షుగర్, బీపీల జాతీయ కార్యక్రమంలో మందు తాగనివాళ్లకు వచ్చే ఫ్యాటీ లివర్‌ను చేర్చిందట, ఆ ముక్క మా బావకు ప్రత్యేకంగా వినిపించాను.

లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్‌లో 6.1 వచ్చింది, గట్టిపడలేదని కొంత టెన్షన్ తగ్గింది. మందులేం రాయలేదు. 82 కిలోల బరువులో ఏడు నుంచి పది శాతం తగ్గమన్నారు, అంతే. మెడికల్ షాపతను లివర్ టానిక్ ఇస్తానన్నాడు, వద్దన్నాను.

చాయ్‌లో చక్కెర మానడం అన్నిటికంటే కష్టమైంది, మొదట్లో తలనొప్పి, చిరాకు, ఇంట్లో అందరిమీదా అరిచేవాణ్ని. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె. అది మంచిదే కదా అని నాలుగు లాగిస్తే అన్నం మానిన లాభమేమీ ఉండదని మా ఆవిడ రెండే పెట్టేది, పప్పు, ఆకుకూర మాత్రం ఎక్కువ. పొద్దున వడ్డేపల్లి చెరువు కట్టమీద నడక, వానాకాలంలో అది సరిగా సాగలేదు.

ఇప్పుడు 75 కిలోలు. స్కానింగ్‌లో గ్రేడ్ 1, పరగడుపు షుగర్ 101, హెచ్‌బీఏ1సీ 5.7. ఇంకా గీత మీదే ఉన్నావు, ఆరు నెలలకు మళ్లీ రా అన్నారు మేడమ్. అప్పటికి మిర్చి సీజన్ నడుమ ఉంటుంది, సెలవు ఎట్లా దొరుకుతుందో చూడాలి.