పండగ ముందు ఇల్లు మార్పు

పదకొండున్నర దాటింది, నిద్ర పట్టట్లేదు. బ్రెజిల్ నుంచి ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌గా ఏడాదికని వచ్చి మా ఇంట్లో ఉంటున్న పిల్లని పదో తారీఖున వేరే ఇంటికి మార్చేస్తారట. సాయంత్రం కోఆర్డినేటర్ ఫోన్ చేశాడు. ఏడాదంతా ఒక్క ఇంట్లోనే ఉంచరని ముందే చెప్పారు, కాదనను. కానీ భోగి ఇంక మూడు నాలుగు రోజులుందనగానా? పండక్కి ఆడపిల్లని పిలుచుకుంటారు గానీ పంపించేస్తారా ఎవరైనా? ఈయనేమో "రూల్సంటే రూల్సే కదా" అని అటు తిరిగి పడుకున్నారు.

ఆ వెనకే, పిల్ల వెళ్ళబోయే ఇంటావిడ ఫోన్. "రోజూ పిజ్జాలు తెప్పించాలాండీ? ఏసీ రాత్రంతా వేసుకుంటుందా? అన్నం ముడుతుందా అసలు?" ఒక్క ప్రశ్నైనా ఆ పిల్ల గురించి లేదు. తనకి ఏమిష్టమో, ఇంటి మీద బెంగ పెట్టుకుంటుందేమో అడగాలనిపించదా? ఫోర్తలేజాలో పుట్టిన పిల్లండీ, మనకి పప్పూ అన్నం ఎలాగో బ్రెజిల్ వాళ్ళకి బీన్స్‌తో అన్నం అలాగ అని చెప్పాను. నమ్మినట్టు లేదు. మొన్న పెళ్ళిలో పిన్నీ అంతే, "నెలకెంతిస్తారే?" అని నలుగురిలో అడిగేసింది. ఎవరూ పైసా ఇవ్వరు పిన్నీ అన్నా వినదు. ఇంకా మండుతోంది నాకు.

అక్కడ వాళ్ళు కర్రపెండలం పిండిని వెన్నలో, ఉల్లిపాయతో వేయించి అన్నం మీద చల్లుకుంటారు. ఫరోఫా అంటారట. తెచ్చుకున్న పిండి దసరాకే అయిపోయింది. ఇప్పుడు బొంబాయి రవ్వ వేయించుకుని పప్పన్నం మీద చల్లుకుంటోంది. అత్తయ్యగారు కూడా నాకో చెంచా వెయ్యమంటున్నారు! జీడిమామిడి చెట్టు పోర్చుగీసు వాళ్ళతో వాళ్ళ దేశం నుంచే మనకొచ్చిందని తెలిశాక, ఉప్మాలో జీడిపప్పు కనిపిస్తే చాలు, "మా ఊరిది" అని ఏరుకుని ముందే తినేస్తుంది.

ధనుర్మాసం పెట్టిన దగ్గర్నుంచీ ముగ్గు నేర్చుకుంటోంది. మొదట్లో పిండి గుప్పిట్లోంచి కుప్పలుగా పడేది. ఇప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి గీత సన్నగా జారుతోంది. కనుమకి వెయ్యాల్సిన రథం ముగ్గు నోట్‌బుక్‌లో పేజీలకి పేజీలు వేసి పెట్టుకుంది.

పొద్దుపోయాక తాతయ్య గుర్తొచ్చాడు. కాకినాడ పీఆర్ కాలేజీలో వారాలు చేసుకుని చదువుకున్న మనిషి. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో. ఎనభై దాటాక కూడా ఏ వారం ఏ ఇంట్లో ఏ కూర వండేవారో తడుముకోకుండా చెప్పేవాడు. మంగళవారం ఇంట్లో వీధరుగు మీదే విస్తరి. మజ్జిగ పైనుంచి పోసేసి, ఇంకాస్త కావాలా అని అడగకుండానే లోపలికి వెళ్ళిపోయేవారట. శుక్రవారం ఇంటి కోడలు మాత్రం అత్తగారి కంట పడకుండా అన్నం ముద్ద కింద మీగడ దాచి వడ్డించేదట. ఆ మీగడ దగ్గరికి రాగానే తాతయ్య గొంతు మారిపోయేది. కథ అక్కడ ఆపేసి కాసేపు కండువా సర్దుకునేవాడు, మేమంతా తర్వాతేమైందని అడిగేవాళ్ళం, తర్వాతేమీ లేదు, అంతే.

ఆ మంగళవారం ఇల్లు తలుచుకుంటే పిల్ల విషయంలో టెన్షన్ ఇంకా పెరిగింది ముందు. ఫోన్ చేసి పంపనని చెప్పేద్దామనుకున్నాను కూడా. కానీ అమ్మ పెళ్ళికి తాతయ్య మొదటి శుభలేఖలు ఆ ఇళ్ళన్నిటికీ తనే స్వయంగా వెళ్ళి ఇచ్చొచ్చాడు, మంగళవారం ఇంటికి కూడా. ఒక్క ఇంట్లోనే తిని ఉంటే కాకినాడలో ఆయనకి అంతమంది ఉండేవారు కాదు. ఈ పిల్లకి మాత్రం మేమొక్కళ్ళమే ఎందుకుండాలి? ఆ కొత్త ఇంటావిడ కూడా భయపడి అడిగిందేమో. పిల్ల వచ్చిన రాత్రి, విదేశీయులు ఇంట్లో దిగారని ప్రభుత్వానికి తెలిపే ఫారం ఇరవై నాలుగు గంటల్లోగా పెట్టాలని కంప్యూటర్ ముందు నేనెంత కంగారుపడ్డానో! ఇప్పుడావిడా అది పెట్టాలి. ఎలా నింపాలో నేనే చెప్తాను.

అయినా పండగయ్యాక పంపితే వాళ్ళ సొమ్మేం పోయింది? ఆ మాట మీద మాత్రం నేను తగ్గను. రేపు ఆవిడకి ఫోన్ చేసి, భోగినాడు తెల్లవారుజామున నాలుగింటికల్లా పిల్లని పంపమని, కనుమ దాకా మా ఇంట్లోనే ఉంటుందని అడుగుతాను. కుదరదంటే కోఆర్డినేటర్‌తోనే తేల్చుకుంటాను. రవ్వ డబ్బా మాత్రం ఇప్పుడే పక్కన పెట్టాను, తనతో పంపడానికి.