సంపు మోటరు, నా కంప్యూటరు

మొదటిసారి అయినప్పుడు కరెంటు పోయిందనుకున్నాను. కానీ నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. ట్యూబ్‌లైటు వెలుగుతూనే ఉంది. కంప్యూటర్ మాత్రం టక్‌మని ఆగి, రెండు క్షణాలాగి, ఏమీ ఎరగనట్టు దానంతటదే మళ్లీ ఆన్ అయింది. అప్పటిదాకా హెడ్‌సెట్‌లో కాజీపేట నుంచి నాతో కార్ల రేసు ఆడుతున్న దోస్తు ఫోన్ చేసి, "ఏందిరా, ఓడిపోతవని పారిపోయినవా?" అన్నాడు.

అది పోయిన ఏడాది మార్చి చివర. జూన్ వచ్చేదాకా నాకు ఇదే పని.

మాది హన్మకొండ నయీంనగర్‌లో పాత ఇల్లు. కింద అమ్మానాన్న, పైన ఒక గదిలో నేను. పగలంతా ఉద్యోగం, సాయంత్రం వచ్చాక ఓ గంట గేమ్. ఆ గంట కోసమే రెండేళ్లు పైసా పైసా జమచేసి కంప్యూటర్ కట్టించుకున్నాను. రైజెన్ 5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. పవర్ సప్లై ఒక్కటే క్యాబినెట్‌తో పాటు వచ్చిన 450 వాట్లది ఉంచేశాను. "దానిదేముంది, కరెంటు ఇచ్చే డబ్బానే కదా" అనుకున్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

రోజుకోసారి ఆగితే ఆగనీ అని ఊరుకునేవాణ్ణేమో. కానీ ఒక్కోసారి గేమ్ ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపిస్తుంది. ఒక్కోసారి విండోస్ తప్పు చూపే నీలం తెర మెరిసి రీస్టార్ట్ అవుతుంది. ఒక్కోసారి ఏ తెరా లేదు, టక్‌మని చీకటే. సినిమా చూస్తే ఏమీ కాదు, ఆఫీసు పని చేస్తే ఏమీ కాదు. గేమ్ పెడితేనే.

చౌరస్తా దగ్గర తెలిసిన షాపుకు మోసుకెళ్లాను. అన్న ఆన్ చేసి చూసి, "విండోస్ కొట్టాలె తమ్మీ" అన్నాడు. జ్వరానికీ, కాలి నొప్పికీ ఒకే గోలీ ఇచ్చే ఆర్‌ఎంపీ డాక్టర్ గుర్తొచ్చాడు. ఐదొందలు తీసుకుని విండోస్ కొట్టిచ్చాడు. ఒకరోజు బాగానే ఆడింది. రెండో రోజు సాయంత్రం టక్.

తరువాత ఎండ మీద అనుమానం పడింది. ఏప్రిల్‌లో మా పై గది రొట్టెల పెనం. సైడు పలక విప్పితే లోపల వేలు మందాన దుమ్ము. బ్రష్‌తో దులిపి, ప్రాసెసర్ మీద వేడిని లాగే పాత పేస్టు తుడిచి కొత్తది రాసి, పలక పెట్టకుండా పక్కన టేబుల్ ఫ్యాను నిలబెట్టాను. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి గేమ్ ఆడుతూ చూస్తే ప్రాసెసర్ 76 డిగ్రీలు, గ్రాఫిక్స్ కార్డు 73. అంత ఎండలో అవి మంచి అంకెలే. ఆ అంకెలు చూస్తుండగానే ఆగిపోయింది. అంటే వేడి కాదు. గ్రాఫిక్స్ కార్డును నడిపే డ్రైవర్లు కూడా సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే తుడిచే సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా తీసేసి కొత్తవి వేశాను. ఒక ఆదివారం పోయింది, అంతే.

అసలు దారి దొరికింది ఈవెంట్ వ్యూయర్‌లో, అంటే విండోస్ తనకేం జరిగిందో రాసుకునే చిట్టాలో. స్టార్ట్ మెనూలో ఆ పేరు కొడితే వస్తుంది. అందులో సిస్టమ్ లాగ్ తెరిస్తే ఎర్ర గుర్తుతో 'కెర్నల్-పవర్ 41' అని వరుసగా ఉన్నాయి. దాన్ని చూసి చాలామంది "కెర్నల్ (విండోస్ గుండెకాయ) పాడైంది" అని కంగారు పడతారు, నేనూ పడ్డాను. నిజానికి ఆ 41 రోగం పేరు కాదు. కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని తరువాత ఆన్ అయినప్పుడు రాసుకునే చీటీ అది. చూడాల్సింది ఆ చీటీలో డీటెయిల్స్ కింద ఉండే 'బగ్‌చెక్ కోడ్'. నా దాంట్లో కొన్నిటికి 26 అని ఉంది, కొన్నిటికి సున్నా.

26ను హెక్సాలోకి (కంప్యూటర్లు వాడే పదహారు అంకెల లెక్కలోకి) మారిస్తే 1ఏ. అది మెమరీ మేనేజ్‌మెంట్ తప్పు, నీలం తెర జాతి. సున్నా అంటే నీలం తెర వేయడానికి కూడా విండోస్‌కు తీరిక దొరకలేదన్నమాట. కరెంటు ఉన్నట్టుండి తెగినప్పుడు, లేదా మొత్తం బిగుసుకుపోతే రీసెట్ నొక్కినప్పుడు అలా ఉంటుంది. నేనైతే రీసెట్ ముట్టుకోలేదు. అప్పుడు వెలిగింది బుర్రలో: నేను నెల రోజులుగా ఒక్క రోగానికి మందు వెతుకుతున్నాను, ఇక్కడున్నవి రెండు. ఒకదానికి చేసిన వైద్యం పని చేసిందో లేదో రెండోది తెలియనివ్వడం లేదు.

ఇక గుడ్డిగా చేయడం మానేశాను. రీస్టార్ట్ దానంతటదే అయ్యే టిక్కు తీసేశాను, నీలం తెర వస్తే నిలబడి ఉండేలా. కిరాణా చిట్టా రాసే పొడుగు నోట్‌బుక్ ఒకటి తెచ్చి మానిటర్ పక్కన పెట్టాను. తేదీ, టైము, నీలమా చీకటా, అంతే.

నీలం రోగం తొందరగానే తేలింది. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతో బూట్ చేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున లేచి చూస్తే తెర నిండా తప్పులు చూపే ఎర్ర గీతలు. నా దగ్గర ఉన్నవి రెండు 8 జీబీ ర్యామ్ స్టిక్కులు, కానీ ఒకటి ముందు కొన్నది, రెండోది ఏడాది తరువాత వేరే కంపెనీది కొన్నది. బయోస్‌లో (కంప్యూటర్ మొదటి సెట్టింగుల్లో) ర్యామ్ వేగం పెంచే ఎక్స్ఎంపీ పెట్టి రెంటినీ 3200 వేగం మీద పరుగెత్తిస్తున్నాను. ఎక్స్ఎంపీ తీసేసి 2133 మీద అదే టెస్టు పెడితే ఒక్క తప్పూ లేదు. జత కుదరని ఎడ్లను ఒకే బండికి కట్టినట్టు. 2933 దగ్గర పెట్టి మళ్లీ ఒక రాత్రి నడిపితే శుభ్రంగా ఉంది. గేమ్‌లో తేడా నా కళ్లకైతే తెలియలేదు. ఆ తరువాత నీలం తెర రాలేదు, గేమ్ దానంతట అది మూసుకోనూ లేదు.

మిగిలింది చీకటి.

నోట్‌బుక్‌లో రెండు వారాల లెక్క తీస్తే చీకట్లన్నీ సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్యే. అదీ రోజు విడిచి రోజు. రోజు విడిచి రోజు పాడయ్యే కంప్యూటర్ ఎక్కడైనా ఉంటుందా? ఆ కాగితం పట్టుకుని కింద అన్నం తింటూ కూర్చుంటే, అమ్మ పప్పు వడ్డిస్తూ అంది: "నేను మోటరు ఏసినప్పుడే కదరా నీ కంప్యూటరు బందయ్యేది. నువ్వు పైనుంచి 'అబ్బా' అని మొత్తుకునుడు నాకు రోజూ ఇనబడ్తది."

మా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన రోజు సంపు నిండగానే అమ్మ పై ట్యాంకుకు మోటరు వేస్తుంది. నేను సెన్సార్లు, లాగులు అని తిరుగుతుంటే ఆమెకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. "మరి చెప్పలేదేందే?" అంటే, "నువ్వు అడిగినవా?"

చేయి కడుక్కుని పైకి పరుగెత్తాను. గేమ్ పెట్టి, సెట్టింగులన్నీ ఎక్కువ చేసి, మెట్ల మీదనుంచి "ఇగ ఎయ్యమ్మా" అన్నాను. కింద స్విచ్ టప్ మంది, పైన ట్యూబ్‌లైటు ఒక్కసారి కళ్లార్పింది, కంప్యూటర్ చీకటి. ఇంకోసారి, గేమ్ లేకుండా ఉత్త బ్రౌజర్‌తో. ట్యూబ్‌లైటు అలాగే ఆర్పింది, కంప్యూటర్ ఉలకలేదు. ఐదుసార్లు చేశాం. ఆరోసారి అమ్మ "ట్యాంకు పొర్లుతుంది, ఇగ చాలు" అంది.

మోటరు లేచేటప్పుడు మామూలుగా తీసుకునేదానికి ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ క్షణం ఇంట్లో వోల్టేజీ కుంగుతుంది. పవర్ సప్లైలో ఒక పెద్ద కెపాసిటర్ ఉంటుంది, మన పై ట్యాంకు లాంటిదే. నల్లా ఆగినా కాసేపు ఇంట్లో నీళ్లు నడిపిస్తుంది. ఆ కాసేపు కూడా సెకనులో యాభయ్యో వంతుకు అటూఇటూ, అంతే. బ్రౌజర్ నడిస్తే ఒక్క నల్లా సన్నగా విప్పినట్టు, ట్యాంకు సరిపోతుంది. గేమ్ నడిస్తే అన్ని నల్లాలూ ఒకేసారి విప్పినట్టు. గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 170 వాట్లు తాగుతుంది. దానికి కంపెనీ వాళ్లే 550 వాట్ల సప్లై ఉండాలని రాస్తారు. నాది 450, అదీ క్యాబినెట్‌తో వచ్చిన సరుకు. చిన్న ట్యాంకు, పెద్ద సంసారం.

ఆదివారం కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి, కరెంటు తక్కువ వృథా చేస్తుందని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్న 650 వాట్ల సప్లై తెచ్చాను. ఐదు వేలు దాటింది. పాతదాని డబ్బా విప్పి చూడాలని చేతులు దురద పెట్టాయి గానీ విప్పలేదు. ప్లగ్గు పీకినా ఆ కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత కరెంటు మిగిలి ఉండొచ్చు. మీరూ విప్పకండి.

కొత్తది బిగించి గేమ్ పెట్టి, మోటరు వేయించాను. ఆగలేదు. మళ్లీ వేయించాను. ఆగలేదు. కాజీపేటకు ఫోన్ చేసి "రారా, ఇప్పుడు చూసుకుందాం" అన్నాను.

అయిపోయిందనే అనుకున్నాను. కానీ మోటరు వేసినప్పుడు ట్యూబ్‌లైటు ఇంకా కళ్లార్పుతూనే ఉంది. అరువు తెచ్చిన మల్టీమీటర్ ప్లగ్గులో పెట్టి చూస్తే 214 వోల్టులున్న అంకె 170ల్లోకి పడి మళ్లీ లేచింది. కంప్యూటర్ తట్టుకుంది గానీ దెబ్బ తగులుతూనే ఉందన్నమాట. అమ్మే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించింది.

ఆయన మెయిన్ ఆపి, మెట్ల కింద బోర్డు చెక్క విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నాకూ చూపించాడు. కాలిన రబ్బరు వాసన. ఒక వైరును వేలితో తాకితే దాని మీది తొడుగు పాపడంలా విరిగి రాలింది, లోపల రాగి తీగ నల్లగా బొగ్గు రంగు. దాన్ని పట్టుకునే స్క్రూ సగం వదులుగా ఊగుతోంది. "గిది న్యూట్రల్, కరెంటు తిరిగి పోయే వైరు. మోటరుకూ పై గదికీ ఇదొక్కటే. ఇంకో ఎండకాలం ఆగితే బోర్డు అంటుకునేది తమ్మీ" అన్నాడు చాలా మామూలుగా. నాకు వీపు మీద చెమట పట్టింది. సాయంత్రానికల్లా మోటరుకు వేరే లైను లాగి, దానికి వేరే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడే స్విచ్) పెట్టి, పై గదికి కొత్త వైరు వేశాడు. మొత్తం ఖర్చు నా పవర్ సప్లై ధరలో సగం కూడా కాలేదు.

ఆ రోజు నుంచి ట్యూబ్‌లైటు కదలడం లేదు. నోట్‌బుక్‌లో చివరి చీకటి మే 29, దాని కింద ఇప్పుడు పాల లెక్క నడుస్తోంది. ఒక్కటే మారలేదు. నల్లా వచ్చిన రోజు అమ్మ స్విచ్ మీద చెయ్యి పెట్టి కిందినుంచి కేకేస్తుంది: "మోటరేస్తున్నా, నీ ఆట సేవ్ చేసుకో!"

ఇప్పుడు అక్కర్లేదని నాలుగుసార్లు చెప్పాను. అయినా కేక వినగానే నా వేలు సేవ్ మీదికి పోతుంది.