నారింజ: పులుపు మాట, తీపి మాట

ఆదివారం. ఇవాళంతా నారింజ అన్న మాట వెంటే తిరిగాను. యూరప్ భాషల్లో దాని పేర్లు చూస్తే మొదట అంతా గజిబిజిగా ఉంటుంది. పులుపు పండు, తీపి పండు అక్కడికి వేర్వేరు కాలాల్లో వెళ్లాయని గుర్తుపెట్టుకుంటే చిక్కు చాలావరకు విడిపోతుంది.

ముందు వెళ్లింది పుల్లది. సంస్కృత నారంగం (దాని వేరు ద్రావిడ భాషల్లోనే ఉందని చాలామంది పండితుల మాట) పారశీకంలో నారంగ్ అయింది. అరబ్బీలో గకారం లేక నారంజ్ అయింది. అరబ్బుల ద్వారానే స్పానిష్‌కి నరాంఖా వచ్చింది. పోర్చుగీసులో లరాంజ. ఒకే మాటలో రెండు నకారాలుంటే నాలుక ఒకదాన్ని మార్చేస్తుంది, ఇక్కడ మొదటిది లకారమైంది.

ఇటాలియన్‌లో అరాంచా. ముందుండే 'ఉన' (ఒక) అనే పదంలోని నకారంతో కలిసిపోయి పండు పేరులోని నకారం జారిపోయింది. ఇంగ్లిష్‌లో 'ఎ నారెంజ్' కాస్తా 'యాన్ ఆరెంజ్' అయిందని చాలాచోట్ల రాస్తారు. అది నిజం కాదు. ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌కి చేరేసరికే నకారం లేదు. 'ఎ నేప్రన్' మాత్రం నిజంగానే అలా 'యాన్ ఏప్రన్' అయింది, బహుశా ఆ ఉదాహరణే దీనికీ అంటించేశారు.

ఫ్రాన్సులో ఆరెంజ్ అనే ఊరికీ పండుకీ మూలంలో చుట్టరికం లేదు. రోమన్ల కాలంలో దాని పేరు అరౌసియో. 1544లో ఆ సంస్థానం నస్సావ్ వంశపు విలియమ్‌కి దక్కింది, తర్వాత డచ్చివాళ్ల స్వాతంత్ర్య పోరాటానికి నాయకుడైంది ఆయనే. డచ్చివాళ్ల నారింజ రంగు అక్కణ్ణుంచే.

తీపి పండు యూరప్‌లో బాగా వ్యాపించింది పోర్చుగీసు ఓడల కాలంలో. అందుకే గ్రీకులో పుల్లది నెరాంజి, తియ్యది పోర్తొకాలి. బల్గేరియన్, రుమేనియన్‌లలోనూ పోర్చుగల్ పేరే. అరబ్బీలో కూడా తియ్యదానికి బుర్తుఖాల్ అనే అంటారు. ఉత్తరాన మాత్రం చైనా పేరు పెట్టుకున్నారు: డచ్చిలో సీనాస్‌ఆపెల్, అంటే చైనా ఆపిల్. జర్మన్ ఆప్ఫెల్‌జీనె, రష్యన్ అపెల్‌సీన్ దాని బంధువులే.

అనువాదకులు జారిపడే చోటొకటుంది. జర్మన్ పొమెరాంట్సె పుల్లది. అదే మూలం నుంచి వచ్చిన పోలిష్ పొమరాంచా ఇప్పుడు తియ్యది. వంటల పుస్తకంలో ఒకదానికి బదులు ఇంకొకటి రాస్తే మార్మలేడ్‌కి కావలసిన చేదు, పులుపు రెండూ పోతాయి. ముందు పండు ఏదో తేల్చుకుని ఆ తర్వాతే మాట రాయాలి.