రెప్ప కదిలిందా, లేదా?

మన జర్నలిజం విభాగం ఫిల్మ్ క్లబ్ అంటే ఒక టీవీ, ఒక డీవీడీ ప్లేయరు, వెలుతురు రాకుండా కిటికీలకు కట్టిన దుప్పట్లు. ఆ దుప్పట్లు మా హాస్టల్ రూమువే. 2004 బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది.

ఒక శుక్రవారం సారు క్రిస్ మార్కర్ అనే ఫ్రెంచి దర్శకుడి సినిమా వేశారు. మాలో ఎవరూ ఆ పేరు విన్నవాళ్లం కాదు. 'లా జెటే', 1962 నాటిది, 28 నిమిషాలు. కాసేపటికే వెనక బెంచీ నుంచి "స్టక్ అయింది సార్!" అని కేక. స్టక్ ఏమీ కాలేదు, సినిమా అంతా ఫొటోలే. కథలో హీరో చిన్నప్పుడు పారిస్ ఓర్లీ విమానాశ్రయంలో చూసిన ఒకావిడ ముఖం, అక్కడే కళ్లముందు ఒక మనిషి కూలిపోవడం. మూడో ప్రపంచయుద్ధం తర్వాత పారిస్ నేలమాళిగల్లో ఖైదీగా ఉన్నవాణ్ణి ఆ జ్ఞాపకం ఊతంగా గతంలోకి పంపుతారు. ఒక్కచోట, పడుకుని ఉన్న ఆవిడ ఫొటోలు ఒకదాంట్లో ఒకటి కరుగుతూ కరుగుతూ, ఉన్నట్టుండి కళ్లు తెరిచి మనవైపు చూసి రెప్పలారుస్తుంది. కొన్ని సెకన్లు, అంతే.

అయితే నా బతుకుతెరువును పట్టుకున్నది మాత్రం ఆ తర్వాత వారం చూసింది. 1957లో ఆయన తీసిన 'సైబీరియా నుంచి ఉత్తరం'లో ఒక ముక్క. యాకుట్స్క్ ఊళ్లో బస్సు పోతుంది, కూలీలు రోడ్డు చదును చేస్తుంటారు, ఒక దారినపోయే మనిషి కెమెరాకేసి చూస్తాడు. అవే షాట్లు మూడుసార్లు వస్తాయి. మొదటిసారి వ్యాఖ్యానం సోవియట్ భజన, రెండోసారి తిట్లు, మూడోసారి ఉన్నది ఉన్నట్టు. బొమ్మ మారలేదు, మా కళ్లు మారాయి. ఇక్కడ ఎడిటింగు చెవి నుంచి కంటికి నడుస్తుందని విమర్శకుడు ఆంద్రే బజాన్ 1958లోనే రాశాడని సారు చెప్పారు.

అదే పని మాకూ అప్పగించారు. క్యాంటీన్లో రెండు నిమిషాలు తీశాం, ముగ్గురం మూడు వాయిస్ ఓవర్లు రాశాం. తిట్లు నా వాటా. చూడ్డానికి వచ్చిన క్యాంటీన్ బాబాయ్ "నేనొక్కణ్ణే కదరా, మూడు రకాలుగా ఎట్లున్నా?" అన్నాడు. వారంపాటు నాకు ఖాతా ఆపేశాడు.

తర్వాత న్యూస్ డెస్కులో చేరాను. ఫైల్ విజువల్స్‌లో, అంటే ఎప్పుడో తీసి దాచుకుని మళ్లీ మళ్లీ వాడే దృశ్యాల్లో, పొలం గట్టున తలపాగా రైతు ఒకాయన ఉండేవాడు. వాన పడితే "ఆనందంలో అన్నదాత", పడకపోతే "ఆందోళనలో అన్నదాత". రెండూ నేనే రాశాను, చాలాసార్లు. రాసేటప్పుడల్లా బాబాయ్ గొంతు వినపడేది. అయినా రాశాను, బులెటిన్ టైము అయిపోతోంది మరి.

మార్కర్ తన ఫొటో ఇవ్వడానికి ఇష్టపడేవాడు కాదట. ఎవరైనా అడిగితే పిల్లి బొమ్మ పంపేవాడట. 1921 జూలై 29న పుట్టాడు, 2012లో సరిగ్గా అదే రోజున పోయాడు.

పోయిన నెల మన వాట్సాప్ గ్రూపులో మళ్లీ పాత పంచాయితీ లేచింది. ఆ వేళ సరిగ్గా ఆ సెకన్లకే టీ తాగడానికి బయటికి వెళ్లినవాడొకడు, ఆవిడ రెప్ప కదల్లేదని, మేమంతా కల కన్నామని ఇప్పటికీ వాదిస్తాడు. ఈసారి సమ్మేళనంలో వాడి కోసమైనా ఆ సినిమా వేద్దాం. దుప్పట్లు నేనే తెస్తాను.