ముజియో గాంబిట్‌తో ఓడిన ఆట

నిన్న ఆన్‌లైన్ చదరంగంలో తెల్లపావులతో ముజియో గాంబిట్ (దాడి కోసం పావులను ఎరగా ఇచ్చే ఒక ఆరంభం) ఆడి ఓడిపోయాను. ఎదుటివారు కాచుకున్న తీరు అంత చక్కగా ఉంది కాబట్టి ఆ ఆట గురించి వివరంగా రాయాలనిపించింది.

ముజియోకు మూలమైన కింగ్స్ గాంబిట్‌లో తెలుపు రెండో ఎత్తులోనే ఎఫ్4 (అక్షరం నిలువు వరుసను, అంకె అడ్డ వరుసను చెబుతుంది) గడిలో బంటును ఎర వేస్తుంది. నలుపు దాన్ని కొట్టి, జి5, ఆపైన జి4 అంటూ ఇంకో బంటును తోసుకొచ్చి ఎఫ్3లోని గుర్రం మీద పడినప్పుడు, తెలుపు దాన్ని తప్పించకుండా క్యాస్లింగ్ (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో జరపడం) చేసుకుంటే అది ముజియో అవుతుంది. గుర్రం పోతుంది గాని, మంత్రి, ఏనుగు, సి4లోని శకటం మూడూ ఎఫ్7 వైపు గురిపెడతాయి. నలుపు పావులు చాలావరకు ఇంకా మొదటి గళ్ళలోనే ఉంటాయి. ఏడో ఎత్తులో ఇ5 బంటును కూడా వదులుకుంటే ఇ నిలువు వరుస తెరుచుకుంటుంది. ఒక గుర్రాన్నీ రెండు బంట్లనూ ఇచ్చి తెలుపు సంపాదించేది కాలాన్ని మాత్రమే. అది నాలుగు ఎత్తుల్లో ఖర్చయిపోతే మిగిలేది నష్టమే.

మా ఆటలో ఎనిమిదో ఎత్తుగా డి3 ఆడాను. నలుపు శకటం హెచ్6కు వచ్చి ఎఫ్4 బంటుకు అండగా నిలిచింది, గుర్రాలు రెండూ బయటికి వచ్చాయి. నా రెండో ఏనుగు ఇ1కు చేరి ఇ5 బంటును కొట్టి అక్కడే ఉన్న నలుపు మంత్రిని తరిమినప్పుడు అది పక్క గడికి, ఎఫ్5కు జరిగింది. ఆ ఒక్క ఎత్తుతో ఎఫ్4 బంటుకు మంత్రి కాపు అలాగే నిలిచింది, ఎఫ్7కు నా దారీ మూసుకుపోయింది. నా గుర్రం డి5కు దూకి సి7 మీద కన్నేస్తే, గడియారంలో క్షణాలు కరిగిపోతున్నా తొణకకుండా, నలుపు రాజు తానే డి8కి నడిచి ఆ బంటును కాచుకున్నాడు. దాడిని మెచ్చుకునేవాళ్ళు ఎందరో ఉంటారు. నాకు మాత్రం ఈ ఎత్తే ఆట మొత్తంలో అందమైనదిగా అనిపించింది.

నేను మంత్రిని ఇ2కు తెచ్చాను, నలుపు మంత్రి ఇ6లో ఎదురు నిలిచింది. మళ్ళీ ఎఫ్3కు వెళ్తే అది ఎఫ్5కు వెళ్ళేది, అలా ఎత్తులు తిరగబడి ఆట డ్రా అయ్యేది. గెలుపు కోసమే ముజియోకు దిగాను గనుక ఆ దారి పట్టలేదు. కొన్ని ఎత్తుల తర్వాత మంత్రులు మారిపోయాయి, అదనపు గుర్రంతో నలుపు నింపాదిగా గెలిచింది.

1960లో అర్జెంటీనాలోని మార్ దెల్ ప్లాటాలో, తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయిన స్పాస్కీ, కింగ్స్ గాంబిట్‌తో అమెరికా ఆటగాడు బాబీ ఫిషర్‌ను ఓడించాడు. మూడో ఎత్తులో నలుపు డి6 ఆడితే ఈ గాంబిట్ నిలవదని ఫిషర్ 1961లో వ్యాసం రాశాడు. అయినా 1963లో తానే తెల్లపావులతో అదే గాంబిట్ ఆడి అమెరికా గ్రాండ్‌మాస్టర్ లారీ ఎవాన్స్‌ను గెలిచాడు. ఒక ఓపెనింగ్ (ఆట ఆరంభం) లెక్కల్లో నిలుస్తుందా అన్నది ఒకటి, ఎదురుగా ఉన్నవారు ఆ నిమిషంలో జవాబు కనుక్కోగలరా అన్నది ఇంకొకటి. నిన్న నాకు ఎదురైనవారు కనుక్కున్నారు.

ఈసారి ఎనిమిదో ఎత్తులో డి3 ఆడను. శకటంతో ఎఫ్7 బంటును కొట్టి, రాజు దాన్ని తీసుకోగానే డి4 తోస్తాను. దాన్ని డబుల్ ముజియో అంటారు, అందులో రెండో పావు కూడా పోతుంది.